చూసేవారు తగ్గారు, డబ్బు పెరిగింది: రెజ్లింగ్ వ్యాపారంలో పోటీ ఎవరి కోసం?

2025 సెప్టెంబరు 20, శనివారం. అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ ‘రెజిల్‌పలూజా’ అనే భారీ ప్రదర్శన ఏర్పాటు చేసింది. జాన్ సీనా, బ్రాక్ లెస్నర్ తలపడింది అక్కడే. అదే రోజుకు దాని ప్రత్యర్థి సంస్థ ఏఈడబ్ల్యూ టొరంటోలో ‘ఆల్ అవుట్’ పెట్టుకుంది. రెండూ ఒకే రాత్రి నడిస్తే నష్టపోయేది తామేనని ఏఈడబ్ల్యూకు తెలుసు. అందుకే తన ప్రదర్శనను మధ్యాహ్నం మూడు గంటలకు జరిపింది. అంతకు రెండు నెలల ముందు జూలై 12న ఏఈడబ్ల్యూ టెక్సస్‌లోని బేస్‌బాల్ స్టేడియంలో తన ఏడాదిలోకెల్లా పెద్ద ప్రదర్శన జరుపుకుంటే, డబ్ల్యూడబ్ల్యూఈ అదే రోజున రెండు ప్రదర్శనలు, మర్నాడు ఇంకొకటి పెట్టింది.

ఆ ఏడాదే ఏప్రిల్‌లో మన దేశంలో మరో మార్పు వచ్చింది. ఏళ్ల తరబడి సోనీ ఛానెళ్లలో వచ్చిన రెజ్లింగ్ కార్యక్రమాలు నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లిపోయాయి. రిమోట్ నొక్కితే కనిపించేది కాస్తా నెలవారీ చందా కడితే తప్ప కనిపించకుండా పోయింది.

ఈ వార్తలు చదివిన వారికి రెండు సందేహాలు ఒకదానికొకటి పొసగకుండా ఎదురవుతాయి. రెజ్లింగ్‌ను ఇప్పుడు అంతగా ఎవరు చూస్తున్నారు? చూసేవారు తగ్గితే వేల కోట్ల ఒప్పందాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఈ చిక్కుముడి విప్పాలంటే ఒక విషయం పట్టుకోవాలి. ఈ వ్యాపారంలో సరుకు పెద్దగా మారలేదు. దాన్ని కొనేవాడు మాత్రం మూడు నాలుగు సార్లు మారాడు.

గెలుపు ముందే రాసి ఉంటే పోటీ ఎక్కడ?

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలుస్తారన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ నిర్ణయం తీసుకునే వ్యక్తిని బుకర్ అంటారు. ప్రేక్షకులు మెచ్చాల్సిన పాత్ర ‘ఫేస్’, తిట్టుకోవాల్సిన పాత్ర ‘హీల్’. ఇదంతా నిజమేనన్నట్టు లోపలా బయటా నడుచుకునే కట్టుబాటు ‘కేఫేబ్’. పడే దెబ్బలు, విరిగే ఎముకలు మాత్రం చాలాసార్లు నిజమైనవే.

ఫలితం తెలిసిన ఆటను ఎందుకు చూస్తారని అడిగేవారికి మన పౌరాణిక నాటకమే సమాధానం. కృష్ణ రాయబారం విఫలమవుతుందని, యుద్ధం జరుగుతుందని తెలియని ప్రేక్షకుడు తెలుగు నేల మీద లేడు. అయినా పద్యం ఎత్తుకున్నప్పుడు ‘వన్స్ మోర్’ అని అరిచాడు, ఫలానా నటుడు కృష్ణుడు వేస్తున్నాడంటే పొరుగూరి నుంచి బండి కట్టుకొని వచ్చాడు. ఏ పేరు వింటే జనం కదులుతారో ఆ పేరున్నవాణ్ని రెజ్లింగ్‌లో ‘డ్రా’ అంటారు. అసలు పోటీ ఇక్కడే. బరిలో గెలుపు కాగితం మీద రాసిందే కావచ్చు. జనాన్ని రప్పించే మనిషి ఏ సంస్థలో ఉన్నాడన్నది మాత్రం ఎవరూ ముందే రాయలేరు.

కేఫేబ్‌ను స్వయంగా వదులుకున్నది వ్యాపారమే. 1989లో న్యూజెర్సీ శాసనసభ ముందు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈకి అప్పటి పేరు) తమది క్రీడ కాదని, వినోదమని ఒప్పుకుంది. క్రీడ అయితే అథ్లెటిక్ కమిషన్ నియంత్రణ, రుసుములు ఉంటాయి. వినోదమైతే ఉండవు. దశాబ్దాలుగా కాపాడుకున్న రహస్యాన్ని ఆ ఖర్చు తప్పించుకోవడానికి బయటపెట్టేశారు.

నైజాం, సీడెడ్ లాంటి ఏరియాలు

మన సినిమాకు నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అని ఏరియాలు ఉన్నట్టే అమెరికన్ రెజ్లింగ్‌కూ ఉండేవి. 1948లో అయోవా రాష్ట్రంలోని వాటర్లూలో కొందరు ప్రమోటర్లు కలిసి నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ ఏర్పాటు చేసుకున్నారు. ఒకరి ఏరియాలోకి ఇంకొకరు రాకూడదు, ఒక ఏరియాలో మాట తప్పిన రెజ్లర్‌కు మరెక్కడా పని దొరకకూడదు. ఇది పోటీని చంపే కుమ్మక్కు అని అమెరికా న్యాయశాఖ పట్టుకుంది. 1956లో అలయన్స్ ఒక ఒప్పందానికి తలొగ్గింది. అయినా అలవాటుగా ఆ పద్ధతి ఇంకో పాతికేళ్లు సాగింది.

అప్పట్లో కొనేవాడు టిక్కెట్టు కొన్న మనిషి. టీవీలో వచ్చే కార్యక్రమం ఒక ప్రకటన మాత్రమే. శుక్రవారం మీ ఊరి హాలుకు రండి అని చెప్పడానికే అది.

1982లో తండ్రి దగ్గర, ఆయన భాగస్వాముల దగ్గర డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సంస్థను కొన్న విన్స్ మెక్‌మాన్ ఈ కట్టును తెంచాడు. ఏరియాలు గౌరవించలేదు. ఇతరుల ఊళ్లలో టీవీ సమయం సంపాదించాడు, వాళ్ల దగ్గరున్న డ్రాలను లాక్కున్నాడు. మినియాపొలిస్ సంస్థ నుంచి వచ్చిన హల్క్ హోగన్ వారిలో ముఖ్యుడు. 1985 మార్చి 31న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆ సంస్థ భారీ ప్రదర్శన రెజిల్‌మేనియా మొదటిసారి జరిగింది. కొద్ది ఏళ్లలోనే ఏరియా ప్రమోటర్లు ఒక్కొక్కరే దుకాణం కట్టేశారు. దీన్ని దోపిడీ అన్నవారున్నారు. కేబుల్ టీవీ వచ్చాక ఏరియా గోడలు ఎలాగూ నిలిచేవి కావని వాదించినవారున్నారు. నాకు రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. మెక్‌మాన్ కాకపోతే మరొకరు ఆ పని చేసేవారు.

సోమవారం రాత్రుల యుద్ధం

నిలిచిన ఏరియాల్లో ఒకటి జిమ్ క్రాకెట్‌ది. కేబుల్ ఛానెళ్ల అధిపతి టెడ్ టర్నర్ 1988లో దాన్ని కొన్నాడు. అదే డబ్ల్యూసీడబ్ల్యూ. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ టీవీ కార్యక్రమం ‘రా’ 1993 జనవరి నుంచి సోమవారం రాత్రి వస్తోంది. 1995 సెప్టెంబరు 4న డబ్ల్యూసీడబ్ల్యూ అదే సమయానికి ‘నైట్రో’ మొదలుపెట్టింది. మొదటి ప్రసారంలోనే లెక్స్ లూగర్ నడుచుకుంటూ వచ్చాడు. ముందు రోజు వరకు ఆయన ఎదుటి సంస్థ ప్రదర్శనల్లో ఆడిన మనిషి. ఈ రెండు సంస్థల మధ్య పోటీ ఎంత సూటిగా ఉంటుందో ఆ ఒక్క నడకతో దేశమంతా చూసింది.

1996 వేసవిలో హోగన్ హీల్‌గా మారడంతో నైట్రో దూసుకెళ్లింది. ఎనభైకి పైగా వారాలు వరుసగా రేటింగుల్లో గెలిచింది. 1998 ఏప్రిల్‌లో ‘రా’ ఆ వరుసను తెంచింది.

ఇక్కడ రేటింగు అంటే ఏమిటో చెప్పుకోవాలి. ఒక రేటింగు పాయింటు అంటే దేశంలో టీవీ ఉన్న ఇళ్లలో నూటికి ఒక ఇల్లు. 2000 నాటికి అమెరికాలో టీవీ ఉన్న ఇళ్లు పది కోట్లు అనుకుంటే, 6 పాయింట్లు వచ్చిన కార్యక్రమాన్ని 60 లక్షల ఇళ్లలో చూసినట్టు. ప్రకటనల ధర ఆ అంకె మీద ఆధారపడుతుంది. అంటే ఈ దశలో డబ్బు రాక టిక్కెట్టు కిటికీ నుంచి రిమోట్ వైపు జరుగుతోంది.

రిమోట్ ఎంత చంచలమో 1999 జనవరి 4 చూపించింది. ఆ రాత్రి నైట్రో ప్రత్యక్ష ప్రసారం. ‘రా’ మాత్రం ముందే రికార్డయిన కార్యక్రమం. మ్యాన్‌కైండ్ వేషంలోని మిక్ ఫోలీ ఆ రాత్రి ‘రా’లో ప్రపంచ టైటిల్ గెలుస్తాడన్న సంగతి డబ్ల్యూసీడబ్ల్యూకు ముందే తెలుసు. అందుకని నైట్రో వ్యాఖ్యాత ఆ ఫలితాన్ని తన ప్రేక్షకులకు చెప్పేశాడు, ఆ మనిషిని చూడటానికి జనం వస్తారా అన్నట్టు ఎత్తిపొడిచాడు. ఫలితం తెలిస్తే ఎవరూ చూడరని వారి లెక్క. లక్షల మంది అప్పటికప్పుడు ఛానెల్ మార్చి ‘రా’కు వెళ్లారు. ఏళ్ల తరబడి ఒళ్లు హూనం చేసుకున్న ఒక మామూలు రూపం మనిషి గెలిచే క్షణాన్ని వాళ్లు కళ్లారా చూడాలనుకున్నారు. అదే రాత్రి నైట్రోలో హోగన్ వేలితో ఛాతీని తాకగానే కెవిన్ నాష్ వెల్లకిలా పడిపోయి టైటిల్ అప్పగించాడు. టిక్కెట్టు కొన్నవారు పెద్ద పోరు కోసం వచ్చి ఇది చూశారు.

రాయబారం ఏమవుతుందో తెలిసీ నాటకానికి వచ్చే ప్రేక్షకుణ్ని తలుచుకుంటే, ఆ లెక్క ఎందుకు తప్పిందో తెలుగువారికి వెంటనే అర్థమవుతుంది.

2001 మార్చి 26న చివరి నైట్రో ప్రసారమైంది. అప్పటికే డబ్ల్యూసీడబ్ల్యూ పేరును, వీడియో భాండాగారాన్ని డబ్ల్యూడబ్ల్యూఎఫ్ 50 లక్షల డాలర్ల లోపు ధరకే కొనేసింది. ఆ సంస్థ ఎందుకు పోయిందన్నదానిపై రెండు కథనాలు ఉన్నాయి. కథలు చెడగొట్టుకొని, పాత పేర్లకు భారీ జీతాలు ఇచ్చి తనను తానే ముంచుకుందన్నది ఒకటి. టర్నర్ సంస్థ విలీనాల్లో ఏఓఎల్ టైమ్ వార్నర్‌గా మారాక, కొత్త అధికారులకు తమ ఛానెళ్లలో రెజ్లింగ్ ఉండటమే ఇష్టం లేకపోయిందన్నది రెండోది. నష్టాలు నిజం. కానీ ఆ నష్టాలతోనూ దాన్ని కొనడానికి వేరే కొనుగోలుదారులు ముందుకొచ్చారు. ఛానెల్ సమయం ఇవ్వబోమని తేలిన రోజున వాళ్లు వెనక్కి వెళ్లారు. టీవీ సమయం లేని రెజ్లింగ్ సంస్థకు విలువ లేదని అంత కరుకుగా తెలిసింది అప్పుడే.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. పోటీ పోయింది కాబట్టి నైట్రో ప్రేక్షకులంతా ‘రా’కు వస్తారనుకున్నారు. రాలేదు. 2000లో సగటున 6 దగ్గర ఉన్న ‘రా’ రేటింగు 2003 నాటికి 4 లోపుకు పడింది. చాలామంది సంస్థ మారలేదు, రెజ్లింగ్ చూడటమే మానేశారు. రెండు దుకాణాలున్న వీధిలో ఒకటి మూతపడితే వీధికి వచ్చే జనమే తగ్గడం వ్యాపారులకు తెలిసిన సంగతే.

తక్కువ కళ్లకు ఎక్కువ ధర

ఇప్పుడు అసలు చిక్కు. 2018లో డబ్ల్యూడబ్ల్యూఈ కుదుర్చుకున్న ఒప్పందాలు చూడండి. ‘స్మాక్‌డౌన్’ అనే వారపు కార్యక్రమానికి ఫాక్స్ ఛానెల్ ఐదేళ్లకు వంద కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది. ‘రా’కు యూఎస్‌ఏ నెట్‌వర్క్ ఏడాదికి 26.5 కోట్ల డాలర్ల వరకు ఇస్తుందని పత్రికలు రాశాయి. 26.5 కోట్లను 52 వారాలకు పంచితే వారానికి దాదాపు 51 లక్షల డాలర్లు. ఆ కొత్త ఒప్పందం మొదలైన నాటికి ‘రా’ను వారానికి సుమారు 20 నుంచి 25 లక్షల మంది చూస్తున్నారు. అంటే ఒక్కో ప్రేక్షకుడి కోసం ఛానెల్ ఒక్క వారానికి రెండు డాలర్లకు పైనే కడుతోంది. స్వర్ణయుగమని అందరూ చెప్పుకునే 1999లో ఇంతకు ఎన్నో రెట్లు ఎక్కువ మంది చూసినా ఇలాంటి సొమ్ము ఎవరూ ఇవ్వలేదు.

కారణం రెజ్లింగ్‌లో లేదు, దాని చుట్టూ ఉన్న టీవీలో ఉంది. సీరియళ్లు, సినిమాలు జనం తమకు వీలైనప్పుడు ఓటీటీలో చూడసాగారు. అదే సమయానికి కూర్చొని చూసేవి క్రికెట్, ఫుట్‌బాల్ లాంటి ప్రత్యక్ష ప్రసారాలే మిగిలాయి. రెజ్లింగ్ ప్రత్యక్షమే, పైగా దానికి సెలవు కాలం లేదు. ఏడాదిలో 52 వారాలూ నడుస్తుంది. ఛానెల్‌కు మొత్తం జనం తగ్గిపోతున్న రోజుల్లో, వదలకుండా వచ్చే 20 లక్షల మంది బంగారమయ్యారు. మన దగ్గర థియేటర్లో ఓ మోస్తరుగా ఆడిన సినిమాకు కూడా డిజిటల్ హక్కులు నిర్మాతను గట్టెక్కించిన సందర్భాలు చూశాం. ఇదీ ఆ దారిదే.

2024 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ ఒప్పందం ఈ ధోరణిని ఇంకా పైకి తీసుకెళ్లింది. పదేళ్లకు 500 కోట్ల డాలర్లకు పైగా. అమెరికాలో ‘రా’, చాలా ఇతర దేశాల్లో డబ్ల్యూడబ్ల్యూఈ కార్యక్రమాలన్నీ అందులో భాగం. 2025 జనవరి 6న మొదటి ప్రసారం జరిగింది. నెట్‌ఫ్లిక్స్‌కు ఒక కార్యక్రమాన్ని ఎందరు చూశారన్నది ఒక్కటే లెక్క కాదు. దాని కోసం ఎందరు చందా కట్టారు, ఎందరు రద్దు చేయకుండా ఉన్నారన్నది అసలు లెక్క.

అంకెలను నమ్మేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 2023 ఆగస్టులో లండన్ వెంబ్లీ స్టేడియంలో ఏఈడబ్ల్యూ జరిపిన ‘ఆల్ ఇన్’కు 81,035 టిక్కెట్లు అమ్ముడయ్యాయని సంస్థ ప్రకటించింది. గేటు దాటి లోపలికి వచ్చినవారు 72,265 అని స్థానిక కౌన్సిల్ లెక్కల్లో తేలింది. అభిమానులు దీని మీద నెలల తరబడి కొట్టుకున్నారు. టిక్కెట్టు కొనడం వేరు, వచ్చి కూర్చోవడం వేరు. ఏ అంకె ఏ ప్రశ్నకు జవాబో చూసుకోకపోతే ఈ వ్యాపారంలో ఎవరు గెలిచారన్న వాదన ఎప్పటికీ తెగదు.

ట్రంప్ కార్డుల తరం ఎక్కడికి పోయింది?

తొంభైల్లో బడికి వెళ్లిన తెలుగు పిల్లలకు రెజ్లింగ్ అంటే టీవీ కంటే ముందు ట్రంప్ కార్డులే. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ఆడిన పోటీలు, గెలిచినవి అని ప్రతి కార్డు మీదా అంకెలు. యోకోజునా చేతికొచ్చినవాడు ‘బరువు’ అంటాడు, ఎదుటివాడు కార్డు ఇచ్చేస్తాడు. ఇంట్లో కేబుల్ లేని పిల్లవాడికి కూడా అండర్‌టేకర్ ఎత్తు కంఠతా వచ్చేది. ఆ కార్డుల వల్ల అమెరికా సంస్థకు దక్కింది ఎంతైనా, మన దగ్గర వేసిన పునాది చిన్నది కాదు.

ఆ పునాదిని డబ్బుగా మార్చుకోవడానికి సంస్థ చాలా ప్రయత్నాలు చేసింది. 2007లో గ్రేట్ ఖలీని ప్రపంచ ఛాంపియన్ చేసింది. 2017 మేలో పంజాబీ మూలాలున్న కెనడా రెజ్లర్ జిందర్ మహల్ రాండీ ఆర్టన్‌ను ఓడించి టైటిల్ గెలిచాడు. భారత మార్కెట్ కోసమే ఈ నిర్ణయమని అప్పట్లో అందరూ అనుకున్నారు. ఆ డిసెంబరులో ఢిల్లీలో రెండు రాత్రులు అనుకున్న ప్రదర్శన ఒక రాత్రికి కుదించుకుంది. మధ్యలో అమెరికాకు చెందిన టీఎన్ఏ సంస్థ పుణెలో ‘రింగ్ కా కింగ్’ చిత్రీకరించి 2012లో కలర్స్ ఛానెల్‌లో ప్రసారం చేసింది. అది ఒక్క సీజనుతోనే ముగిసింది. మనవాడిని ఛాంపియన్ చేస్తే మనవాళ్లు డబ్బు పెడతారన్న అంచనా సగమే నిజమైంది. ఇక్కడి ప్రేక్షకులు ఎప్పుడూ కోరుకున్నది తాము చిన్నప్పటి నుంచి చూసిన ముఖాలను.

2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలి బాలయోగి ఇండోర్ స్టేడియంలో అది కళ్లకు కట్టింది. ఆ రాత్రి పట్టికలో భారతీయ జోడీ ఇండస్ షేర్ ఉంది, శాంకీ ఉన్నాడు. చివరి పోటీ మాత్రం జాన్ సీనా, సెత్ రోలిన్స్ జట్టుది. టిక్కెట్లు కదిలింది సీనా పేరు మీదే. ఒకప్పుడు కార్డులు పేర్చుకున్నవారు తమ పిల్లలను భుజాన ఎక్కించుకొని వచ్చారు.

ప్రేక్షకుడి వయసు, జేబు రెండూ మారాయని దీన్నిబట్టి తెలుస్తుంది. అమెరికాలోనూ ఇదే. ఊరూరా తిరిగే చిన్న ప్రదర్శనలను సంస్థ తగ్గించుకుంది, పెద్ద స్టేడియాల్లో టిక్కెట్టు ధర పెంచింది. 2014లో నెలకు 9.99 డాలర్లకు దొరికిన పెద్ద ప్రదర్శనలు, 2025 సెప్టెంబరు నుంచి నెలకు 29.99 డాలర్ల ఈఎస్‌పీఎన్ సేవలోకి వెళ్లాయి. ‘రా’కు నెట్‌ఫ్లిక్స్ చందా వేరే. సౌదీ అరేబియాతో 2018లో మొదలైన పదేళ్ల ఒప్పందం, 2025లో మెక్సికో సంస్థ ఏఏఏ కొనుగోలు కూడా ఈ వరుసలోవే. సంస్థను సమర్థించేవారు ఇది ఆరోగ్యకరమైన వ్యాపారమంటారు. కోరుకునేవారు కొంటున్నారు, స్టేడియాలు నిండుతున్నాయి. విమర్శించేవారు రేపటి ప్రేక్షకుడి గురించి అడుగుతారు. పదేళ్ల పిల్లవాడు డబ్బు పెట్టకుండా యాదృచ్ఛికంగా ఛానెల్ తిప్పుతూ రెజ్లింగ్‌లో పడే దారి మూసుకుపోతోంది కదా అని. పది కోట్ల మందికి పైగా చందాదారులున్న డబ్ల్యూడబ్ల్యూఈ యూట్యూబ్ ఛానెల్ ఆ దారికి బదులని సంస్థ నమ్మకం. మూడు నిమిషాల తునక చూసినవాడు ముప్పై వారాల కథ అనుసరిస్తాడా అన్నది నాకు నమ్మకంగా తోచదు.

రెండో కొనుగోలుదారు ఉండటం ఎవరికి లాభం?

2001 నుంచి 2019 వరకు అమెరికాలో పెద్ద జీతం ఇవ్వగల సంస్థ దాదాపు ఒక్కటే. అమ్మేవాడు ఒక్కడే ఉంటే గుత్తాధిపత్యం అంటాం. కొనేవాడు ఒక్కడే ఉన్నా అది గుత్తాధిపత్యమే, కాకపోతే దెబ్బ పడేది పనిచేసేవారి మీద. ఊళ్లో ఒకే మిల్లు ఉంటే ధాన్యం ధర మిల్లు చెప్పిందే. డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్లు ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. ఉద్యోగికి ఉండే ఆరోగ్య బీమా వారికి సంస్థ నుంచి రాదు. వేరే చోటికి వెళ్తాననే మాట ఒక్కటే వారికి ఉన్న బలం. వెళ్లడానికి చోటే లేకపోతే ఆ మాటకు విలువ లేదు.

2018 సెప్టెంబరు 1న రెజ్లర్లు కోడీ రోడ్స్, యంగ్ బక్స్ సోదరులు పెద్ద సంస్థ అండ లేకుండా షికాగో దగ్గర ‘ఆల్ ఇన్’ జరిపి పది వేల మందికి పైగా రప్పించారు. మర్నాటి ఏడాది జనవరి 1న టోనీ ఖాన్ డబ్బుతో ఏఈడబ్ల్యూ ప్రకటన వెలువడింది. ఆయన తండ్రి షాహిద్ ఖాన్ ఫుల్హామ్ ఫుట్‌బాల్ క్లబ్ యజమాని. అక్టోబరు 2న దాని టీవీ కార్యక్రమం ‘డైనమైట్’ మొదటి ప్రసారాన్ని 14.09 లక్షల మంది చూశారు. అదే సమయంలో వచ్చిన డబ్ల్యూడబ్ల్యూఈ ‘ఎన్ఎక్స్‌టీ’కి 8.91 లక్షలు. ఏడాదిన్నర తర్వాత ఎన్ఎక్స్‌టీ మంగళవారానికి మారిపోయింది.

ఆ తర్వాతి కథ అంత సూటిగా లేదు. కోడీ రోడ్స్ 2022లో తిరిగి డబ్ల్యూడబ్ల్యూఈకి వెళ్లి 2024 రెజిల్‌మేనియాలో ఛాంపియన్ అయ్యాడు. సీఎం పంక్ అనే పేరున్న రెజ్లర్ ఏఈడబ్ల్యూలోకి వచ్చాడు, తొలగింపబడ్డాడు, 2023 నవంబరులో డబ్ల్యూడబ్ల్యూఈలో తేలాడు. డైనమైట్ టీవీ ప్రేక్షకులు మొదటి రాత్రి అంకెలో సగానికి దిగారు. ఏఈడబ్ల్యూ ఓడిందనేవారు ఈ అంకె చూపిస్తారు. గెలిచిందనేవారు 2024 ఒప్పందం చూపిస్తారు. వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ ఏడాదికి 18.5 కోట్ల డాలర్లు ఇస్తుందని వార్తలొచ్చాయి. అంటే వారానికి 35 లక్షల డాలర్ల పైచిలుకు. పాత కొలబద్దతో ఓటమి, కొత్త కొలబద్దతో బతుకు.

రెజ్లర్ల వైపు నుంచి చూస్తే ఏఈడబ్ల్యూ రెండో మిల్లు. ఎక్కడ సంతకం చేసినా బేరమాడే వీలు కలిగింది. డబ్ల్యూసీడబ్ల్యూ కాలంలోనూ ఇదే జరిగింది. 1996లో స్కాట్ హాల్, కెవిన్ నాష్ స్థిరమైన జీతం కోసం వెళ్లిపోయాకే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఏడాదికి ఇంత అని హామీ ఇచ్చే కాంట్రాక్టులను విరివిగా ఇచ్చింది. ఇది నిజమైన పోటీ కాదనే వాదనకూ బలముంది. డబ్ల్యూడబ్ల్యూఈ 2023 సెప్టెంబరులో నిజమైన కొట్లాట పోటీలు (ఎంఎంఏ) జరిపే యూఎఫ్‌సీతో కలిసి టీకేఓ సంస్థగా మారింది. ఆ విలీనంలో దాని విలువ 930 కోట్ల డాలర్లుగా కట్టారు. అంత పెద్ద సంస్థ ఒక శనివారం తన ప్రదర్శన పెడితే ఎదుటివారు గడియారం మార్చుకోవాల్సి వస్తోంది. తమ టీవీ ఒప్పందాలను అడ్డుకుందని చిన్న సంస్థ ఎంఎల్‌డబ్ల్యూ 2022లో వేసిన కేసును డబ్ల్యూడబ్ల్యూఈ చివరకు 2 కోట్ల డాలర్లు చెల్లించి పరిష్కరించుకుంది.

ఏఈడబ్ల్యూ కార్యక్రమాలు ఈ రోజు వచ్చేది టీబీఎస్, టీఎన్‌టీ ఛానెళ్లలో. టెడ్ టర్నర్ పెట్టిన ఛానెళ్లే అవి. 2025 చివర్లో వాటి మాతృసంస్థ వార్నర్ బ్రదర్స్ డిస్కవరీని కొనడానికి పెద్ద సంస్థలు పోటీపడ్డాయి. 2001 మార్చిలో చివరి నైట్రో ప్రసారమైంది కూడా టీఎన్‌టీలోనే.